ఎవరూ తొక్కని యాక్సిలరేటర్

ముప్పై ఏళ్ళకు పైగా బస్సుల కింద పడుకుని పనిచేశాను. జాకీ జారి బండి పక్కకి ఒరిగిన రోజున కూడా ఓ టీ తాగి మళ్ళీ పనిలోకి దిగినవాణ్ణి. అలాంటి నాకు భయమంటే ఏమిటో రిటైరవడానికి ఆరు నెలల ముందు తెలిసింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళకి నా గొప్పలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ గొప్పల్లో సగం నేను పుట్టించినవే. ఇది మాత్రం వాళ్ళెవరూ చెప్పరు, ఎందుకంటే పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను.

అమలాపురం దగ్గర ఒక కాలేజీ బస్సుల షెడ్డు మాది. షెడ్డుకి పెద్ద మెకానిక్కుని నేను. అందరూ మేస్త్రి గారూ అనేవారు. నా పైన బస్సుల రాకపోకలు చూసే ఇన్‌ఛార్జి గారొకరు. ఆయనకి కాగితం కావాలి. బండి నడిచినా ఆగినా దానికి ఒక కాగితం ఉండాలి.

పాత బస్సుల్లో యాక్సిలరేటర్ కింద ఒక తీగ ఉండేది. కాలు తొక్కితే తీగ లాగేది, ఇంజను వేగం పెరిగేది. తీగ ఇరుక్కుంటే చేత్తో పట్టుకుని చూడొచ్చు, నూనె పొయ్యొచ్చు, తిట్టుకోవచ్చు. కొత్త బస్సులు వచ్చాక ఆ తీగ పోయింది. పెడల్ మొదట్లో, అది తిరిగేచోట, చిన్న అయస్కాంతం అతికించి ఉంటుంది. దానికి ఎదురుగా, దాన్ని తాకకుండా, గోరంత చిప్పు ఒకటి. పెడల్ తొక్కితే అయస్కాంతం తిరుగుతుంది. ఎంత తిరిగిందో చిప్పు పసిగట్టి ఇంజనుకి కబురు పెడుతుంది. రాపిడి లేదు కనుక అరుగుదల లేదు. కంపెనీ తరఫున వచ్చినాయన ఇదంతా చెప్పి, "ఇంక దీంతో మీకు పనుండదండి" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నాతో పనిలేని వస్తువు నా షెడ్డులో ఎందుకుండాలో నాకర్థం కాలేదు.

ఆ చిప్పున్న చిన్న డబ్బా మీద ఒక ఇనప రేకు తొడుగు వచ్చేది. మా వైపు ఉప్పుగాలికి, వానాకాలం బూట్లతో ఎక్కే బురదకి, రెండు బస్సుల్లో ఆ రేకు తుప్పుపట్టి ఉబ్బింది. పెడల్ తొక్కినప్పుడల్లా రాసుకుని కీచుమంటోందని డ్రైవర్లు ఒకటే గోల. దుమ్ము పడకుండా పెట్టిన మూతకి ఇంత రాద్ధాంతమా అనుకుని, కత్తెరతో రెండు బస్సుల్లోనూ ఆ రేకు కత్తిరించి తుక్కు కుప్పలో పడేశాను. బస్సులతో పాటు లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. అది ఇన్‌ఛార్జి గారి బీరువాలో ఉండేది. "పుస్తకం చూసి బండి బాగుచేసేవాడు మేస్త్రి ఎలా అవుతాడు" అనేది నా మాట. పదిమందిలో చాలా దర్జాగా అనేవాణ్ణి.

ఆ రెండు బస్సుల్లో ఒకటి కొత్తపేట, పలివెల వైపు వెళ్ళేది. దాని డ్రైవరు నాకంటే ఏడాది చిన్న. సౌమ్యుడు, ఆదివారం చర్చి మానడు, హారను కూడా మొహమాటపడుతూ కొట్టేవాడు. ఆయనకి సుగరు వ్యాధి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే, ఖతర్‌లో ఉన్న అల్లుడు ఒక జత చెప్పులు పంపాడు. అడుగున వరసగా అయస్కాంతం బిళ్ళలు, వేసుకుంటే కాళ్ళలో రక్తం బాగా ఆడుతుందట.

"అల్లుడు గారు బంగారం పంపుతారనుకుంటే చెప్పులు పంపేరేంటండీ" అని నేను ఆటపట్టించాను.

"బంగారం ఏం చేసుకుంటానండీ, కాళ్ళుండాలి గానీ" అన్నారాయన.

కానీ ఆ చెప్పులు వేసుకుని ఆయన బండి నడపలేదు. ఏ చెప్పులతోనూ నడపలేదు. సీటెక్కగానే విప్పి లోపలే ఓ పక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో తొక్కేవారు. మా వైపు పాతకాలపు డ్రైవర్లలో చాలామందికి ఈ అలవాటుంది. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, "చర్చిలోకి చెప్పులేసుకుని వెళ్తామాండీ? నలభై మంది పిల్లలెక్కే బండి మరి" అన్నారు. మళ్ళీ కిందికి దిగేటప్పుడు తొడుక్కునే దిగేవారు.

వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం ఆయన షెడ్డుకొచ్చి, అందరూ వెళ్ళేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పారు.

"మేస్త్రి గారూ, బండి నేను తొక్కకుండానే లాగుతోందండీ."

"ఎక్కడ?"

"పలివెల దాటేక, కాలువ గట్టు మీద మలుపు తిరిగినప్పుడు. రోజూ కాదండీ, ఒక్కోసారి."

నేను బండెక్కాను. పెడల్ తొక్కి చూశాను, వదిలి చూశాను. ఇంజను కంప్యూటర్లో తప్పులు చూపించే స్కానర్ పెట్టాను. తప్పేమీ చూపించలేదు. ఆయన కింద నిలబడి ఉన్నారు, ఆ చెప్పులు కాళ్ళకేసుకుని. బండిలో లోపం లేదండీ అన్నాను. ఇన్‌ఛార్జి గారికి కాగితం కావాలి కనుక, లోపం లేదని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల్లో ఆయన మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ అదే తంతు, అదే కాగితం. మూడోసారి కాస్త విసుగ్గానే, "డ్రైవరు గారూ, అయస్కాంతానికి దెయ్యం పట్టదండీ, మీ కాలు చూసుకోండి" అన్నాను. పక్కన ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. తల వంచుకుని తన కాళ్ళకేసి చూసుకున్నారు.

"నాకు తెలీకుండా తొక్కుతున్నానేమోనండీ" అన్నారు.

చివరికి ఇన్‌ఛార్జి గారు విసిగి, రేపు పొద్దున్న మీరు కూడా ఆ బస్సులో వెళ్ళండి, ఏదో ఒకటి తేల్చేద్దాం అన్నారు. అలా ఒక గురువారం నాడు నేను ఆ బస్సెక్కాను. కొత్తపేటలో పిల్లలెక్కారు. పరీక్షలు దగ్గరపడ్డాయేమో, సగం మంది పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. నేను ఇంజను పక్క సీట్లో కూర్చుని, స్కానర్ ఒళ్ళో పెట్టుకున్నాను. పెడల్ ఎంత తొక్కితే అంత అంకె దానిమీద కనపడుతుంది. ఆ అంకె మీంచి కళ్ళు తియ్యకూడదని నా పట్టుదల.

పలివెల దాటింది. గట్టు రోడ్డెక్కాం. ఎడమపక్క కాలువ నిండుగా, ఎర్రగా, ఒరుసుకుంటూ పోతోంది. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. ఆయన బండి నెమ్మది చేసి ఎడమకి తిప్పారు. ఆ తిప్పడంలో కాళ్ళ దగ్గర ఏదో జారిన చప్పుడు విన్నాను. వింటూనే అంకె పైకి లేచింది. ఇంజను హోరెత్తింది. బస్సు కాలువ వైపు ఉరికింది.

"తొక్కకండీ" అని అరిచాను.

"తొక్కడం లేదండీ" అని ఆయన.

ఆయన బ్రేకు మీద నిలుచున్నంత పని చేశారు. బస్సు ఒణికిపోతూ, గడ్డి మీద జారుతూ ఆగింది. ఆయన తాళం తిప్పి ఇంజను కట్టేశారు. నా పక్క కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు. నీళ్ళు ఉన్నాయి. ముందు చక్రం గట్టు వాలులో సగం దిగి ఉంది. వెనక ఎవరో ఒక అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది, ఇంక అందరూ అందుకున్నారు.

తోటల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. వెనక తలుపు తీసి పిల్లల్ని ఒక్కొక్కర్నీ దింపారు. కారేసుకుని ఇన్‌ఛార్జి గారొచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే.

"మేస్త్రి గారూ, పెడల్ తొక్కినట్టు మీ మీటరు చూపించిందా?"

"చూపించిందండీ."

"ఆయన కాలు మీరు చూసేరా?"

నేను అంకెనే చూశాను, కాలు చూడలేదు. అదే చెప్పాను. ఇన్‌ఛార్జి గారు డ్రైవరు గారి వైపు తిరిగి చెయ్యి చాపారు. ఆయన తాళం ఇచ్చేశారు.

"నా కాలే అయ్యుంటుందండీ. నాకు తెలీడం లేదు" అన్నారు.

ఆయనకి నిలబడే ఓపిక లేదు. ఎవరో మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన ఉత్త కాళ్ళతో వెళ్ళారన్న సంగతి ఎవరమూ గమనించలేదు.

ట్రాక్టరు తెచ్చి బస్సుని రోడ్డు మీదికి లాగాక, షెడ్డుకి నేనే నడుపుకుంటూ బయల్దేరాను. బస్సులో నేనొక్కణ్ణే. ఇంకో మలుపు వచ్చింది. తిప్పాను. ఇంజను మళ్ళీ హోరెత్తింది. నా కాలు పెడల్ మీద లేదు. నాకు సుగరు లేదు, తిమ్మిరి లేదు, నా కాలు గాలిలో ఉందని నా కళ్ళతో చూస్తున్నాను. అయినా బస్సు లాగుతోంది. గేరు తప్పించి, బ్రేకు నొక్కి ఆపాను. ఆగిన బండిలో ఎవరూ తొక్కని ఇంజను గర్జిస్తూనే ఉంది. దెయ్యం పట్టదని వెటకారమాడినవాణ్ణి, ఆ క్షణంలో బండిలోంచి దూకి పారిపోదామనుకున్నాను.

వంగి చూశాను. ఆయన చెప్పు ఒకటి జారి వచ్చి, పెడల్ మొదట్లో ఉన్న డబ్బాకి ఆనుకుని ఉంది. చేతిలోకి తీసుకున్నాను. ఇంజను సద్దుమణిగింది. మళ్ళీ ఆనించాను. మళ్ళీ హోరు. అలా నాలుగైదుసార్లు చేశాను.

సంగతి ఇంతే. చెప్పులోని అయస్కాంతాలు పెడల్ అయస్కాంతానికి అడ్డొచ్చి, పెడల్ తిరిగిందని చిప్పుని నమ్మించాయి. చిప్పు ఇంజనుకి నిజాయితీగా అదే చెప్పింది. స్కానర్ నాకూ అదే చెప్పింది. షెడ్డుకొచ్చేసరికి ఆ చెప్పులు ఆయన కాళ్ళకి ఉండేవి, అందుకే నాకు లోపం దొరకలేదు. ఇంతవరకూ అర్థమయ్యాక, ఇదంతా చెప్పుల తప్పు, వాటిని తెచ్చినాయన తప్పు అనుకుని ఊపిరి పీల్చుకోబోయాను. అప్పుడు నేను కత్తిరించిన రేకు అంచు కనపడింది.

షెడ్డుకి వెళ్ళి, రేకు తొడుగు ఉన్న ఇంకో బస్సెక్కి అదే చెప్పుని అలాగే ఆనించాను. ఇంజను కిక్కురుమనలేదు. పుస్తకం కావాలని అడిగితే ఇన్‌ఛార్జి గారు ఆశ్చర్యంగా చూసి ఇచ్చారు. అందులో బొమ్మ వేసి మరీ చెప్పాడు కంపెనీవాడు. బయటి అయస్కాంతాల ప్రభావం లోపలికి రాకుండా అడ్డుకోడానికి ఆ రేకు, తీయరాదు. నేను దుమ్ము మూత అనుకున్నది చిప్పుకి కవచం.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ చెప్పుల్ని పాత గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు గారిని ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. విన్నాను, ఊరుకున్నాను. సుగరు మనిషి, ఇవాళ కాకపోతే రేపైనా మానాల్సిందే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం చెప్పడానికి ఎదుటి మనిషి అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

శుక్రవారం, శనివారం, ఆదివారం. కంచం ముందు నుంచి తినకుండానే లేచిపోయేవాణ్ణి. మా ఆవిడ ఒళ్ళు పట్టుకు చూసి జ్వరం లేదంది. స్నానానికి బకెట్లో నీళ్ళు చూసినా ఆ ఎర్రనీళ్ళే గుర్తొచ్చేవి. నా భయం పిల్లల గురించి అని చెప్పుకోవాలనుంది. నిజం చెప్పాలంటే మొదటి మూడు రోజులూ నా పేరు గురించే భయం. ఆరు నెలల్లో శాలువా కప్పి పంపించాల్సిన మనిషిని, నలభై మంది పిల్లల్ని కాలువలోకి తోయబోయినవాడన్న మాట పడి వెళ్ళాలా అని. ఆ బస్సుని రిపేరుందని చెప్పి షెడ్డులోనే ఉంచేశాను. రేకు కత్తిరించిన రెండో బస్సు రాజోలు వైపు తిరుగుతోంది. దాని డ్రైవరు తోలు బూట్లేసుకుంటాడు, ఫరవాలేదులే అనుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆ రెండో బస్సు గేటువైపు కదులుతోంది. డ్రైవరు పాటల డబ్బా ఒకటి కొత్తగా కొన్నట్టున్నాడు. అది కాళ్ళ దగ్గర పెట్టుకుని మోగించుకుంటున్నాడు. స్పీకరు లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందని బండ్ల పని నేర్చుకునే మీకు నేను చెప్పక్కర్లేదు. అది పెడల్‌కి జానెడు దూరంలో ఉంది. రాజోలు రోడ్డు కూడా కాలువ వెంబడే పోతుంది.

నేను ఎలా పరిగెత్తానో తెలీదు. గేటుకి అడ్డంగా, బస్సు ముందు చేతులు చాపి నిలబడ్డాను. డ్రైవరు బ్రేకేసి, తల బయటపెట్టాడు.

"ఏంటండీ మేస్త్రి గారూ, చంపేస్తారేంటండీ మమ్మల్ని?"

ఆ మాట వాడు ఊరికే అన్నాడు. నేను అక్కడే కూలబడ్డాను. ఇన్‌ఛార్జి గారు గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. అందరి ముందూ, నేల మీద కూర్చునే, రేకు సంగతి, చెప్పుల సంగతి, మూడు కాగితాల సంగతి చెప్పేశాను. ధైర్యంగా చెప్పాననుకోకండి. సగం మాటలు వాళ్ళకి అర్థం కాలేదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఇన్‌ఛార్జి గారు నన్ను లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి అన్నారు.

"ఇది కాగితం మీద పెడితే ముప్పై ఏళ్ళ పేరు పోతుందండీ మేస్త్రి గారూ. చెప్పుల వల్ల అని రాసి ఊరుకుందాం. డ్రైవర్లందరికీ చెప్పులు తేవద్దని చెప్తాం. ఏమంటారు?"

ఆయన నా మంచికే అన్నారు. ఒప్పుకోవాలని నాకెంత అనిపించిందో మీరు ఊహించలేరు. అయినా కాగితం తీసుకుని, తొడుగు కత్తిరించింది నేనేననీ, డ్రైవరు గారి కాలి తప్పేమీ లేదనీ రాసి సంతకం పెట్టాను. అంతకు ముందు రాసిన మూడింటికన్నా ఆ సంతకం వంకరగా వచ్చింది. కొత్త తొడుగులు వచ్చేదాకా రెండు బస్సులూ కదలకూడదని కూడా రాశాను. ఇన్‌ఛార్జి గారు అది చదివి, డ్రైవరు గారిని మళ్ళీ పన్లోకి రమ్మని చెప్పమన్నారు. ఆ కబురు నేనే తీసుకెళ్తానన్నాను.

చెప్పుల్ని ఒక సంచిలో వేసుకుని ఆ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కొత్తపేటకి ఇవతల ఊరు. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, "రండి అన్నయ్య గారండీ" అని లోపలికి పిలిచింది. డ్రైవరు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడికాలు స్టూలు మీద పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకున్నారు. నన్ను చూసి లేవబోయారు. వద్దని కూర్చోబెట్టి, నేను నేల మీద కూర్చున్నాను. సంచిలోంచి చెప్పులు తీసి ముందు పెట్టాను. ఒక్కటీ దాచకుండా చెప్పాను. నాలుగు రోజులు పెట్టెలో దాచిన సంగతి కూడా చెప్పాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన ఒక్కమాట అడిగారు.

"అయితే ఆ రోజు నా కాలు తొక్కలేదన్నమాటే కదండీ?"

"తొక్కలేదండీ. ఒక్కరోజు కూడా తొక్కలేదు."

ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "ఏమే, ఇటురా" అని భార్యని పిలిచారు. "మేస్త్రి గారూ, ఆ ముక్క ఇంకోసారి చెప్పండి, ఇదీ వింటుంది."

"ఆయన కాలు తొక్కలేదమ్మా. తప్పు నాది. రేపణ్ణించి మళ్ళీ పనిలోకి రమ్మన్నారు" అన్నాను.

ఆవిడ వంగి, ఆయన కాలి మీది తువ్వాలు తీసింది. పాదానికి కట్టు కట్టి ఉంది. వేళ్ళ దగ్గర కట్టు తడిసి, పసుపుగా ఉంది. వాసన నా దాకా వచ్చింది.

"రోజూ గుండుసూది పెట్టి పొడుచుకునేవారండీ, తెలుస్తోందో లేదోనని" అంది. "తెలీలేదని ఇంకా గట్టిగా పొడుచుకునేవారు. ఎక్కడెక్కడ పొడుచుకున్నారో ఆయనకే తెలీదు. చీము పట్టేక నేను చూసేను. అమలాపురంలో డాక్టరు గారు రెండు వేళ్ళు తీసెయ్యాలన్నారండీ, ఆ పైన ఎంతవరకో ఇప్పుడే చెప్పలేమన్నారు."

"ఎప్పణ్ణించమ్మా?" అన్నాను.

"బండిలో లోపం లేదని మీరు మొదటిసారి రాసిచ్చిన రోజు నుంచీనండీ."

డ్రైవరు గారు తువ్వాలు మళ్ళీ కాలి మీదికి లాక్కున్నారు. భార్య కేసి చూసి, నెమ్మదిగా మందలించారు.

"ఊరుకోవే. మేస్త్రి గారు భయపడతారు."